కృష్ణా–గోదావరి సహజవాయువు: ఉత్పత్తిదారుల వ్యూహాలు – దేశీయ ఇంధన భవిష్యత్తు

వ్యాససంగ్రహం

కృష్ణా–గోదావరి డెల్టాలోనూ, దానిని ఆనుకొని ఉన్న బంగాళాఖాతంలోనూ లభించిన సహజవాయువు నాలుగు దశాబ్దాలుగా దేశ ఇంధన చర్చలో ప్రధానస్థానంలో ఉంది. కె.జి. డి6 బ్లాకులో ఉత్పత్తి పడిపోయిన తీరుపై రెండు వాదాలు వినిపిస్తూ వచ్చాయి. ధర పెరిగేదాకా వాయువును భూమిలోనే ఉంచారన్నది ఒక వాదం. భూగర్భమే అంచనాలకు లొంగలేదన్నది రెండో వాదం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలన్న అభిప్రాయం బలపడింది. కాలక్రమాన్ని బట్టి చూస్తే అవి ఒకే బ్లాకులోని వేర్వేరు క్షేత్రాలకు వర్తిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉత్పత్తిదారులు ప్రకటించిన పరిమాణాల మీద ఆధారపడి తీరాంధ్రలో ఎలాంటి ఇంధన వ్యవస్థ ఏర్పడిందో, దానికి ఏమైందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కె.జి. బేసిన్, సహజవాయువు, ధరల విధానం, ఉత్పత్తి పంపక ఒప్పందం, కోనసీమ, గ్యాసు విద్యుత్కేంద్రాలు.

ఉపోద్ఘాతం

తెలుగు పత్రికలు ‘బేసిన్’ అన్న మాటను చాలాకాలం ‘పరీవాహక ప్రాంతం’ అని అనువదించాయి. నదీశాస్త్రానికి సరిపోయే ఈ మాట భూగర్భశాస్త్రానికి సరిపోదు. కె.జి. బేసిన్ అంటే కృష్ణా, గోదావరి నదులకు నీరందించే ప్రాంతం కాదు. కోట్ల సంవత్సరాలుగా అవక్షేపాలు పేరుకుపోయిన పల్లపు ప్రాంతం. అందులో కొంత డెల్టా భూముల కింద, మిగిలినది సముద్రగర్భంలో ఉంది. అనువాదంలోని ఈ పొరపాటు చిన్నదే. అయినా ‘నది మనది, కనుక వాయువూ మనదే’ అన్న భావన ప్రజల్లో స్థిరపడటంలో దీనికి కొంత పాత్ర ఉందనిపిస్తుంది. చట్టప్రకారం భూగర్భంలోని చమురు, సహజవాయువులపై అధికారం కేంద్రప్రభుత్వానిది. భూమి మీది బావులపై రాష్ట్రానికి రాయల్టీ దక్కుతుంది. సముద్రంలోని బావులపై అదీ లేదు.

కె.జి. వాయువు చరిత్రను ఎక్కువగా ఒకే పారిశ్రామిక కుటుంబంలోని అన్నదమ్ముల తగాదాగానో, రెండు ప్రభుత్వాల ధరల నిర్ణయాలుగానో చెప్పడం పరిపాటి అయింది. ఆ కథనాల్లో కోనసీమ రైతు, కాకినాడ ఎరువుల కర్మాగారం, వేమగిరిలో ఇంధనం లేక ఆగిపోయిన విద్యుత్కేంద్రం అంచుల్లోనే మిగిలిపోతాయి. నిజానికి ఉత్పత్తిదారుల వ్యూహాల ఫలితం మొదట కనిపించింది ఇక్కడే.

భూమి మీది బావులు: ప్రభుత్వరంగ దశ

1980ల తొలి సంవత్సరాల్లో రాజోలు ప్రాంతంలో చమురు, సహజవాయువుల సంస్థ జరిపిన తవ్వకాల్లో వాయువు బయటపడింది. తరువాత తాటిపాక, పాశర్లపూడి, మోరి వంటి పేర్లు చమురు పటాల్లోకి ఎక్కాయి. నీళ్ల కోసం తవ్వినదానికే వాడే ‘బావి’ అన్న మాట కోనసీమలో అర్థవిస్తరణ పొందింది. ‘రిగ్గు’, ‘బ్లోఅవుట్’ ఊరిజనం నోట తెలుగు మాటలైపోయాయి.

ఈ దశలో ఉత్పత్తిదారు వ్యూహమంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. ధర ప్రభుత్వం నిర్ణయించేది. ఎవరికి అమ్మాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. 1984లో ఏర్పడిన గెయిల్ సంస్థ వాయువు రవాణా బాధ్యత తీసుకొంది. ఆ సంస్థ తొలి ప్రధాన గొట్టపుమార్గం హజీరా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా సాగింది. కె.జి. వాయువు ఆ వ్యవస్థతో కలవలేదు. అందువల్ల దానిని డెల్టా చుట్టుపక్కలే వాడుకోవలసి వచ్చింది. విజ్జేశ్వరంలో విద్యుత్కేంద్రం, కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారం, ఆర్థిక సరళీకరణ తరువాత జేగురుపాడులో దేశంలోని తొలి ప్రైవేటు విద్యుత్కేంద్రాలలో ఒకటి, ఇవన్నీ 1990లలో ఈ వాయువు మీదనే నిలిచాయి. గొట్టం దూరం పోకపోవడం ఒక పరిమితి. ఆ పరిమితి వల్లనే పదేళ్లపాటు స్థానిక వాయువు స్థానిక పరిశ్రమకు దక్కింది. ఇది ఎవరూ ఆలోచించి రూపొందించిన విధానం కాదు.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గరి బావిలో తవ్వకం సాగుతుండగా వాయువు అదుపు తప్పి ఎగసి మంటలంటుకొన్నాయి. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. విదేశీ నిపుణులను రప్పించవలసి వచ్చింది. పరిసర గ్రామాల ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లారు, కొబ్బరితోటలు మాడిపోయాయి. భూమి కింద ఎంత పీడనం ఉందో డెల్టా ప్రజలకు ప్రత్యక్షంగా తెలిసింది అప్పుడే. ఆ పీడనాన్ని ముందుగా సరిగ్గా అంచనా కట్టడం ఎంత కష్టమో కూడా ఆ ప్రమాదం చూపింది. పదిహేనేళ్ల తరువాత సముద్రంలో ఎదురైన సమస్య కూడా పీడనానిదే, కాకపోతే అక్కడ అది పడిపోయింది.

ఒప్పందం, అంకెలు

1999లో అమలులోకి వచ్చిన నూతన అన్వేషణ లైసెన్సు విధానం ప్రైవేటు సంస్థలకు సముద్రపు బ్లాకులను తెరిచింది. తొలివిడత వేలంలో కె.జి. డి6గా ప్రసిద్ధమైన బ్లాకు రిలయన్స్ ఇండస్ట్రీస్, నైకో రిసోర్సెస్ సంస్థలకు 90:10 వాటాలతో దక్కింది. 2002లో ధీరూభాయి పేరుతో పెద్ద వాయునిక్షేపం ప్రకటితమైంది.

ఇక్కడ ఒప్పందంలోని ఒక నిబంధనను వివరించక తప్పదు. ఉత్పత్తి పంపక ఒప్పందం ప్రకారం ఉత్పత్తిదారు పెట్టిన ఖర్చును ముందుగా తిరిగి రాబట్టుకొంటాడు. మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకొంటాడు. రాబడి పెట్టుబడికి ఎన్ని రెట్లయిందన్న దానిని బట్టి ప్రభుత్వ వాటా మెట్లు మెట్లుగా పెరుగుతుంది. డి6లో అది కింది మెట్టులో 10 శాతం, పై మెట్టులో 85 శాతం. అంటే పెట్టుబడి లెక్క పెరిగేకొద్దీ ప్రభుత్వం పై మెట్టు చేరుకోవడం ఆలస్యమవుతుంది. ఉత్పత్తిదారు మోసం చేయనక్కరలేదు. నిబంధనే ఖర్చు వైపు మొగ్గింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011 నివేదిక ఈ లోపాన్నే ఎత్తిచూపింది. ఈ వివాదంలో వ్యక్తుల గురించి రాసినంతగా ఈ నిబంధన గురించి తెలుగులో రాయలేదు.

2004 నాటి తొలి ప్రణాళికలో రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తికి సుమారు 240 కోట్ల డాలర్ల పెట్టుబడి చూపారు. 2006లో సవరించిన ప్రణాళికలో ఉత్పత్తి లక్ష్యం 8 కోట్ల ఘనపు మీటర్లకు పెరిగింది. పెట్టుబడి తొలిదశకే సుమారు 520 కోట్ల డాలర్లకు చేరింది.

అంకెల ఉత్సాహం ఒక్క సంస్థకు పరిమితం కాలేదు. 2005 జూన్‌లో గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ తమ రాష్ట్ర పెట్రోలియం సంస్థ కె.జి. తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువును కనుగొందని ప్రకటించారు. తరువాతి మదింపులలో ఆ అంకె చాలా చిన్నదైంది. అప్పుల్లో చిక్కుకొన్న ఆ సంస్థ వాటాను 2017లో ఓ.ఎన్.జి.సి. కొనుగోలు చేసింది. ప్రైవేటు లాభాపేక్ష వల్లనే అంకెలు ఉబ్బాయన్న వాదానికి ఈ ఉదాహరణ అడ్డువస్తుంది. ఇక్కడ ఉబ్బినది ఒక ప్రభుత్వ సంస్థ అంచనా. భూగర్భంలో ఉన్న వాయువు వేరు, వెలికితీయగల వాయువు వేరు, లాభసాటిగా వెలికితీయగల వాయువు మరీ వేరు. బహిరంగ ప్రకటనలలో మొదటిదే వినిపిస్తుంది. ప్రణాళికలకు కావలసింది మూడోది.

ధర ఎవరు నిర్ణయించాలి?

2004లో ఎన్.టి.పి.సి. పిలిచిన టెండరులో రిలయన్స్ ఒక ఎం.ఎం.బి.టి.యు.కు 2.34 డాలర్ల ధర కోట్ చేసింది. 2005 నాటి కుటుంబ ఒప్పందంలోనూ ఇదే ధర ఆధారమైంది. 2007లో ప్రణబ్ ముఖర్జీ అధ్యక్షతన ఏర్పడిన మంత్రుల సాధికార బృందం 4.20 డాలర్లను ఆమోదించింది. దీనితో తమ్ముడి సంస్థకు పాత ధరకు వాయువు ఇవ్వాలా, ప్రభుత్వం చెప్పిన ధరకా అన్న వివాదం న్యాయస్థానాలకెక్కింది. 2010 మే 7న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. వినియోగదారుకు అందేదాకా వాయువు ప్రభుత్వానిదేనని, దాని ధరను, వినియోగాన్ని నిర్ణయించే అధికారం ప్రభుత్వానికే ఉందని తేల్చింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి వేరుగా తీర్పు రాస్తూ సహజవనరులు ప్రజలవన్న రాజ్యాంగ దృష్టిని ముందుకు తెచ్చారు.

ఈ తీర్పు ఉత్పత్తిదారు ఓటమిగా ప్రచారమైంది. అది సగం నిజమే. తీర్పు వల్ల 2.34కు అమ్మవలసిన అవసరం తప్పి 4.20 ధర స్థిరపడింది. అంతేకాదు, అదే ఏడాది ప్రభుత్వరంగ సంస్థల పాత బావుల వాయువు ధరను కూడా 1.79 డాలర్ల నుంచి 4.20కి పెంచారు. ప్రైవేటు బ్లాకుకు నిర్ణయించిన ధర ప్రభుత్వ వాయువు ధరను తనతోపాటు పైకి లాగింది. ఆ భారం ఎరువుల సబ్సిడీ మీద, విద్యుత్తు కొనుగోలు ఖర్చు మీద పడింది.

వాయువు కోసం ఎదురుచూసిన కేంద్రాలు

డి6 వాయువు 2009 ఏప్రిల్‌లో తూర్పుగోదావరి జిల్లా గాడిమొగ తీరానికి చేరింది. దానికంటే ముందే గౌతమి, కోనసీమ, వేమగిరి, జేగురుపాడు రెండోదశ విద్యుత్కేంద్రాలు సిద్ధమై దాదాపు మూడేళ్లు వాయువు కోసం ఎదురుచూశాయి. 2009లో అవి నడిచాయి. 2010లో ఉత్పత్తి రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. ఆ తరువాత ఏనాడూ ఆ స్థాయి నిలవలేదు. 8 కోట్ల లక్ష్యం అందనేలేదు. పడిపోతున్న వాయువును పంచవలసి వచ్చినప్పుడు ఎరువులకు, వంటగ్యాసు తయారీకి మొదటి స్థానం ఇచ్చారు. 2013 మార్చి నాటికి విద్యుత్కేంద్రాలకు డి6 సరఫరా ఆగిపోయింది.

2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’ విధించారు. వర్షాభావం, బొగ్గు కొరత దానికి ఇతర కారణాలు. అయినా అదే సమయంలో గోదావరి ఒడ్డున కొత్త యంత్రాలు ఖాళీగా నిలిచి ఉన్నాయి. వాటి నిర్మాణానికి బ్యాంకులు అప్పులిచ్చింది ఒక ఉత్పత్తి అంచనాను నమ్మి. దేశవ్యాప్తంగా ఇలా వాయువు లేక ఆగిన సామర్థ్యం 2015 నాటికి సుమారు 14 వేల మెగావాట్లుగా లెక్కతేలింది. అంచనా తప్పినప్పుడు ఉత్పత్తిదారుకు ఖర్చు రాబట్టుకొనే నిబంధన ఉంది. ఆ అంచనాను నమ్మి కట్టిన విద్యుత్కేంద్రానికి అటువంటి రక్షణ లేదు. ఈ అసమానత కె.జి. చరిత్రలో అన్నిటికంటే తక్కువగా చర్చించిన అంశం.

దాచారా, తగ్గిందా?

ప్రణాళిక ప్రకారం తవ్వవలసిన 31 బావులలో 22 మాత్రమే తవ్వారు. వాటిలో 18 ఉత్పత్తికి వచ్చాయి. పెట్రోలియం మంత్రిగా ఉన్న ఎస్. జైపాల్ రెడ్డి హయాంలో, 2012 మేలో, ప్రభుత్వం 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాబట్టుకోవడాన్ని నిరాకరించింది. ధరను గడువుకు ముందే సవరించడానికీ ఆయన అంగీకరించలేదు. ఆ ఏడాది అక్టోబరులో ఆయన శాఖ మారింది. ఈ క్రమం అనేక అనుమానాలకు తావిచ్చింది. 2014 ఏప్రిల్ నుంచి ధర దాదాపు రెట్టింపు కావలసి ఉండగా, దానికోసమే ఉత్పత్తిని తొక్కిపట్టారన్న ఆరోపణ పార్లమెంటులోనూ, సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యాలలోనూ వినిపించింది. బావులలోకి నీరు చేరిందని, పీడనం ఊహించినదానికన్నా వేగంగా పడిపోయిందని ఉత్పత్తిదారు సమాధానం.

తరువాతి పరిణామాలు ప్రధాన క్షేత్రాలైన డి1, డి3ల విషయంలో రెండో వాదాన్నే బలపరుస్తాయి. 2014 నవంబరులో కొత్త సూత్రం ప్రకారం ధర 5.05 డాలర్లకు పెరిగింది. ఆ క్షేత్రాలు కోలుకోలేదు. వెలికితీయగల నిల్వల అంచనా తొలి అంకెలో మూడోవంతుకు పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. ధర కోసం దాచిన వాయువే అయితే ధర పెరిగాక బయటికి రావాలి.

అదే బ్లాకులోని ఆర్-క్లస్టర్ కథ వేరు. ఆ నిక్షేపం 2007లోనే బయటపడింది. 2 వేల మీటర్లకు పైగా లోతైన నీటి కింద ఉన్న దానిని పాత ధరకు తీయడం గిట్టుబాటు కాదన్నది ఉత్పత్తిదారు వైఖరి. 2011లో 30 శాతం వాటా కొని బ్రిటిష్ పెట్రోలియం భాగస్వామిగా చేరినా పని ముందుకు కదలలేదు. 2016 మార్చిలో లోతైన సముద్రపు వాయువుకు ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ధర నిర్ణయించుకొనే స్వేచ్ఛను ప్రభుత్వం ఇచ్చింది. 2017 జూన్‌లో రెండు సంస్థలూ 40 వేల కోట్ల రూపాయల పెట్టుబడిని ప్రకటించాయి. ఆర్-క్లస్టర్ 2020 డిసెంబరులో, శాటిలైట్ క్లస్టర్ 2021లో, ఎం.జె. క్షేత్రం 2023లో ఉత్పత్తికి వచ్చాయి. ఈ వాయువులో కొంత భాగాన్ని బ్రెంట్ ముడిచమురు ధరకు ముడిపెట్టి వేలంలో అమ్మారు.

2014 తరువాత ప్రపంచవ్యాప్తంగా సముద్రపు తవ్వకం ఖర్చులు తగ్గిన మాట కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయినా పెట్టుబడి ప్రకటన వెలువడిన సమయాన్ని బట్టి, ఇక్కడ ధర కోసం నిరీక్షణ జరిగిందనే చెప్పవలసి ఉంటుంది. పాత క్షేత్రాల ఓటమికి కారణం భూగర్భం. కొత్త క్షేత్రాల ఆలస్యానికి కారణం ధర. రెంటినీ కలిపి ‘డి6’ అన్న ఒక్క పేరుతో పిలవడం వల్ల ఇరువర్గాల వాదాలూ సగం సరైనవిగా, సగం తప్పుగా మిగిలిపోయాయి. ధర కోసం ఆగడాన్ని నేరంగా చూడాలా, వ్యాపారనిర్ణయంగా చూడాలా అన్నది వేరే ప్రశ్న. వనరు ప్రజలదని సుప్రీంకోర్టు చెప్పాక, దానిని ఎప్పుడు తీయాలన్న నిర్ణయం పూర్తిగా ఉత్పత్తిదారు చేతుల్లో ఉండటం ఆ తీర్పు స్ఫూర్తికి సరిపడదు. తీర్పు ధరపై, వినియోగంపై అధికారాన్ని తేల్చింది. కాలంపై అధికారాన్ని తేల్చలేదు.

రెండు గొట్టాలు

డి6 వాయువు కోసం కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపుమార్గం నిర్మించారు. దీనితో కె.జి. వాయువు మొదటిసారి పశ్చిమ భారత మార్కెట్టుకు చేరింది. స్థానిక పరిశ్రమకు పాత దశలో అనుకోకుండా దక్కిన సౌలభ్యం అక్కడితో ముగిసింది. రాష్ట్రానికి తగిన వాటా కావాలన్న కోరిక రాజకీయంగా ఊపందుకొన్నది కూడా అప్పుడే.

డెల్టా గ్రామాల కింద పాత గొట్టాలు అలాగే ఉన్నాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు. పొడివాయువు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన వాయువు ప్రవహించడం, లోపలి భాగం తుప్పుపట్టడం కారణాలుగా విచారణలో తేలింది. తేమను వేరుచేసే యంత్రాంగం మీద పెట్టవలసిన ఖర్చు పెట్టకపోవడం కూడా ఒక రకమైన ధరల వ్యూహమే. పాశర్లపూడి కూడా ఇదే మండలంలో ఉంది. ధరల చర్చలో ఎం.ఎం.బి.టి.యు.కు డాలర్లు లెక్కించిన నివేదికలలో ఈ రెండు ఊళ్ల ఖర్చుకు చోటు లేదు.

దిగుమతి నీడలో

దేశంలో సహజవాయువు ఉత్పత్తి 2010–11లో సుమారు 5,200 కోట్ల ఘనపు మీటర్లు. 2020–21 నాటికి అది 2,900 కోట్లకు తగ్గింది. కొత్త క్షేత్రాలు వచ్చాక కొంత కోలుకొన్నా, అవసరంలో దాదాపు సగం ద్రవీకృత వాయువు రూపంలో దిగుమతి అవుతూనే ఉంది. 2004లో దహేజ్ టెర్మినల్‌తో మొదలైన ఈ దిగుమతికి ఖతార్ ప్రధాన ఆధారం. ఏటా 75 లక్షల టన్నుల ఆ ఒప్పందాన్ని 2024లో మరో ఇరవై ఏళ్లు, 2048 వరకు పొడిగించారు. ప్రాథమిక ఇంధనంలో వాయువు వాటాను సుమారు 6 శాతం నుంచి 2030కి 15 శాతం చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. దేశీయ బావులను మాత్రమే నమ్మి ఆ లక్ష్యం చేరడం సాధ్యం కాదు.

2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల అంతర్జాతీయ ధరలు ఎగసినప్పుడు దేశీయ వాయువు ధరల సూత్రం కూడా వాటి వెంటే పోయింది. ఆ అక్టోబరులో పాత బావుల వాయువు 8.57 డాలర్లకు చేరింది. విదేశీ మార్కెట్ల సగటును దేశీయ ధరగా తీసుకోవడంలోని అసంబద్ధత అప్పుడు బయటపడింది. కిరీట్ పారిఖ్ కమిటీ సిఫారసుల తరువాత 2023 ఏప్రిల్‌లో 4 డాలర్ల కనిష్ఠ, 6.50 డాలర్ల గరిష్ఠ పరిమితులు విధించారు. ఈ చౌక వాయువులో ప్రాధాన్యం ఇళ్లకు, వాహనాలకు ఇచ్చారు. హైదరాబాదు, విజయవాడ నగరాల్లో 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ వంటి సంస్థలు దీనిపైనే ఆధారపడ్డాయి. అయితే పాత బావుల ఉత్పత్తి తరుగుతున్నకొద్దీ ఆ కేటాయింపులోనూ 2024 అక్టోబరులో కోత పడింది. విద్యుత్కేంద్రాలకు 2013లో ఎదురైన పరిస్థితి మెల్లగా వంటింటి గొట్టం వైపు జరుగుతోంది. తేడా ఏమిటంటే, ఇళ్లు కోట్లలో ఉన్నాయి. వాటికి ‘ఇంధనం లేక ఆగిన సామర్థ్యం’ అన్న లెక్క ఉండదు.

కదిలిపోయిన వాయువు

డి6 పక్కనే ఓ.ఎన్.జి.సి. బ్లాకు ఉంది. తమ బ్లాకులోని వాయువు భూగర్భంలో పక్కకు ప్రవహించి రిలయన్స్ బావుల గుండా బయటికి వచ్చిందంటూ ఆ సంస్థ 2014 మేలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2015లో అమెరికన్ సలహా సంస్థ డిగాలియర్ అండ్ మెక్‌నాటన్ ప్రవాహం జరిగిందని నిర్ధారించింది. జస్టిస్ ఎ.పి. షా కమిటీ పరిహారం ప్రభుత్వానికి చెందాలని చెప్పగా, 2016లో కేంద్రం 155 కోట్ల డాలర్లు కోరింది. 2018లో మధ్యవర్తుల మండలి 2–1 మెజారిటీతో దానిని తోసిపుచ్చింది. 2023లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం మండలి నిర్ణయాన్ని నిలబెట్టింది. 2025 ఫిబ్రవరిలో ద్విసభ్య ధర్మాసనం దానిని రద్దు చేసింది. మరుసటి నెలలో ప్రభుత్వం 281 కోట్ల డాలర్ల డిమాండు నోటీసు పంపింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

ఓ.ఎన్.జి.సి. ఆ పక్క బ్లాకు నుంచి తొలి చమురును 2024 జనవరిలో తీసింది. అప్పటికి డి1, డి3 బావులు మూతపడి దాదాపు నాలుగేళ్లు. సరిహద్దు దాటిందన్న వాయువు ఎరువుగా, విద్యుత్తుగా ఎప్పుడో ఖర్చయిపోయింది.